కల్లారు గేటు పేచ్చియమ్మాళ్

2022 మే పద్నాలుగు, శనివారం, ఉదయం ఏడున్నర, సన్నని తుంపర. ఊటీ కొండ మొదట్లో, కల్లారు తనిఖీ గేటు వద్ద కాపలా పనిచేసే పేచ్చియమ్మాళ్ కొడవలి పట్టుకొని నిలుచున్నది. కొండపైకి ప్లాస్టిక్ సీసాలు పోరాదు. ఆమె ప్రతి కారునూ ఆపి, సీసాలోని నీటిని యాత్రికుల సొంత చెంబులో పోసి, ఎవరూ మళ్లీ నింపి అమ్ముకోకుండా ఖాళీ సీసా కంఠాన్ని ఒక్క వేటుతో తెగవేస్తుంది. ఇంకా నీళ్లు కావాలంటే గేటు పక్కనే కుళాయి ఉంది. ఆ వేటులో కసి ఉంటుంది. ప్లాస్టిక్ మింగి చచ్చిన ఏనుగు పొట్టను కోసినప్పుడు ఆమె దగ్గరుండి చూసింది. ఇంకొక్క తగవు వస్తే పని పోతుందని పైఅధికారి అంతకుముందే హెచ్చరించాడు.

ఆనాడు కోయంబత్తూరు వ్యాపారి ఒకడు సీసా వదలలేదు.

"కుళాయి నీళ్లు నీ పిల్లలకు పోసుకో, ముసలీ!"

"పోశాను సామీ, దున్నల్లా పెరిగారు. ఇటియ్యి."

అతడు నిండు సీసాతో ఆమె మూతిపై కొట్టాడు. పన్ను ఊడింది. ఆమె నెత్తురు ఉమ్మి కొడవలి ఎత్తింది. వేటు సీసాకే వేసింది గాని, దానితోపాటు అతని బొటనవేలి కొన కూడా తెగిపడింది. అతడు కేకలు పెడుతుండగా ఆమె అతణ్ణి ఈడ్చుకుపోయి, ఆ చేతిని కుళాయి కింద పట్టింది.

"ఇప్పుడు ఈ నీళ్లు వద్దనవేం సామీ?"

పేచ్చియమ్మాళ్‌కు మూడు నెలల జైలుశిక్ష పడింది, పని పోయింది. ఇప్పుడు మేట్టుపాళయం సంతలో చేపలు కోస్తున్నది.