“జర ఆగు, సర్దుకుంటది” అన్న మా సమ్మయ్య మామకు

నిన్న పొద్దున జనగామలో బస్ ఎక్కుతుంటే అత్త ఫోన్. “మీ మామ ఇగ లేడు బిడ్డా.”

మొన్ననే కదా, సోమవారం కోర్టు వాయిదాకు నువ్వు కూడా రా అని పిలిచాడు!

సమ్మయ్య మామ మా అమ్మకు తమ్ముడు. భూపాలపల్లి బొగ్గు బాయిలో, భూమి కింద పని చేసిన మనిషి.

చిన్నప్పుడు మహబూబాబాద్ నుంచి సెలవులకు వాళ్ల క్వార్టర్‌కు పోయేవాళ్లం. కరెంటు పోతే మేమంతా ఒకటే అరుపులు. మామ మాత్రం ఆ చీకట్లోనే, ఏ గోడకూ తగలకుండా పోయి మంచినీళ్లు ముంచుకొచ్చేవాడు. “చీకటికి భయపడితే మాకు బువ్వెట్ల బిడ్డా” అని నవ్వేవాడు.

ఆ ధైర్యమే ఆయన్ను ముంచింది.

షుగర్ ఉంది, బరువు కూడా తగ్గాలని ఒక ప్రైవేటు డాక్టర్ వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాశాడు. మామ నిజంగానే తగ్గాడు. ప్యాంటు వదులైందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు, కొత్త పెళ్లికొడుకులా.

ఒక పొద్దున లేచేసరికి ఒక కన్ను చీకటి.

నొప్పి లేదు. బాయి నుంచి పైకొచ్చాక, కళ్లు వెలుతురుకు అలవాటు పడేదాకా కాసేపు నిలబడటం ఆయనకు అలవాటు. ఆ రోజూ అదే చేశాడు. గడప మీద కూర్చున్నాడు. అత్త దవాఖానకు పోదామంటే, “జర ఆగు, సర్దుకుంటది” అన్నాడు.

సర్దుకోలేదు.

చివరికి దవాఖానకు పోతే కంటి నరం దెబ్బతిన్నది, చూపు తిరిగి రాదన్నారు. ఇంజెక్షన్ ఆపమని మాత్రం ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు రెండో కన్నూ పోయింది.

ఆ మందు వల్లనే అని తేల్చడానికి నేను డాక్టర్‌ని కాను. కానీ “చూపు మసకైతే ఆగకుండా రా” అని ముందే ఎవరైనా చెప్పాలి కదా! మామ ఆ డాక్టర్ మీద, మందు కంపెనీ మీద కేసు వేసింది ఆ మాట చెప్పనందుకే. వేరే దేశాల్లో కూడా చూపు పోయినవాళ్లు ఇలాంటి మందుల మీద కేసులు వేశారని ఫోన్లో చదివి వినిపించాను. “అంటే నేనొక్కన్నే కాదన్నట్టు” అన్నాడు.

అవతలి లాయర్ ఏమన్నాడో తెలుసా? షుగర్ ఉన్నవాళ్లకు కళ్లు పోవడం మామూలేనట. పైగా ఆలస్యం చేసింది మీరేనట.

ఆ రోజు నుంచి మామ అన్ని మందులూ మానేశాడు. షుగర్ మాత్రలు కూడా. అత్త ఏడ్చింది, మేమంతా బతిమాలాం. “ఒక్క సూదిని నమ్మితే గిట్లయింది. ఇగ ఏదీ మింగ నేను” అన్నాడు. షుగర్ పెరిగి కిడ్నీలు పాడయ్యాయి.

కేసు మాత్రం వాయిదా మీద వాయిదా. ప్రతిసారీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. “జడ్జి సారు నాకు కనపడడు. నేనన్నా ఆయనకు మంచిగ కనపడాలె గదా” అనేవాడు. ఆయన్ను పిలిచి అడిగే రోజు మాత్రం రానే లేదు.

కేసు అత్త పేరు మీద నడపొచ్చని మా లాయర్ అంటున్నారు. నడవనీ. మామ చెప్పాలనుకున్నది ఇంకెవరు చెబుతారు? నాకైతే ఏ ఆశా లేదు.

సోమవారం కోసం ఇస్త్రీ చేసిన చొక్కా దండెం మీదనే ఉండింది. నిన్న సాయంత్రం అదే తొడిగి మామను సాగనంపాం.

పో మామా. ఇక దేని కోసమూ ఆగకు. అక్కడైనా నీ కళ్లకు, నీ మనసుకు శాంతి దొరకాలి.