చదివే ముఖాల ఇందుమతి గారు

ఇందుమతి గారు ఇక లేరన్న సంగతి నాకు తెలియడం ఒక ఆటో డ్రైవరు నోట మొదలైంది. శనివారం మధ్యాహ్నం కావస్తోంది. పఠనమందిరం నిండా జనం ఉన్నా అలికిడి లేదు. ఫోను మోగింది. తెర మీద ఆమె పేరు చూసి వరండాలోకి వచ్చి, "ఇంక బయల్దేరలేదా అక్కా?" అన్నాను.

అవతల మగగొంతు. "నేను ఆటో డ్రైవర్ని మేడం. మదీనాగూడల అమ్మ నా బండి ఎక్కింది. నడిమిట్లనే ఛాతి పట్టుకొని పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కొచ్చిన. ఫోన్ల మొదటి నంబర్ మీదే ఉన్నది. జర జల్దీ రండి మేడం."

నేను చేరేసరికే అంతా ముగిసింది. కన్నీళ్ళు రావడానికి ముందే ప్రశ్నలు వచ్చాయి. "మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగాడు యువ వైద్యుడు. తోబుట్టువును కాను. సహోద్యోగిని కాను. ఇరుగుపొరుగు కూడా కాను. "ఆమె మా లైబ్రరీకి వస్తరు" అన్నాను. ఏళ్ళ తరబడి సాగిన ఆత్మీయత ఆ ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. అంతకన్న సరైన మాట నాకు నేటికీ దొరకలేదు. ఆ డ్రైవరు మాత్రం ఆమె కెమెరా సంచిని గుండెకు హత్తుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "దీన్ని మీ చేతుల పెట్టి పోదామని ఆగిన" అని, సంచి నాకు అందించి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

మృత్యువు అనివార్యమని బోధించే గ్రంథాలు మా బీరువాల నిండా ఉన్నాయి. నేను గ్రంథపాలకురాలిని, వాటిలో చాలావాటిని చదివాను కూడా. చదవడం వేరు, చల్లబడిన చేతిని పట్టుకుని నిలబడటం వేరు.

ఇందుమతి గారిది అమలాపురం ప్రాంతం. సైబరాబాదులో ఇంకా బండరాళ్ళు పేలుస్తూ పునాదులు తవ్వుతున్న కాలంలో ఉద్యోగం కోసం ఈ నగరానికి వచ్చారు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు పట్టుకోవడం ఆమె వృత్తి. గ్రంథాలయాలను, వాటి లోపల నిశ్శబ్దంగా సాగే జీవనాన్ని ఛాయాచిత్రాలుగా నిలపడం ఆమె ప్రవృత్తి. అవివాహిత. తల్లిదండ్రులు గతించారు. రాజమండ్రిలో అన్నగారి కొడుకు ఉన్నాడు, పండగలకు పలకరింపులు ఉండేవి. కొన్నేళ్ళ క్రితం ఉద్యోగం మానేసి, మదీనాగూడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, మిగిలిన జీవితమంతా ఈ ఒక్క పనికే సమర్పించుకున్నారు.

గోపన్‌పల్లి దగ్గరి మా శాఖా గ్రంథాలయానికి ఆమె తొలిసారి వచ్చినప్పుడు తనిఖీకి వచ్చిన అధికారిణి అనుకుని కంగారుపడ్డాను. వెలిసిన నూలు చీర, తెల్లబడుతున్న జుట్టు, భుజాన బరువైన సంచి. ఫోటోలు తీసుకోవడానికి అనుమతి కావాలన్నారు. పై అధికారులను అడిగి, సరేనన్నాను. కానీ ఆ రోజు ఆమె సంచి విప్పలేదు. ఆ మరుసటి వారమూ విప్పలేదు. ఒక నవల తీసుకుని కూర్చుని, సాయంత్రం దాకా చదివి లేచారు.

"ఫోటో తీయరా మేడం?" అని నేనే అడిగాను.

"ముందు నేనూ ఇక్కడి మనిషినవ్వాలి కదండీ. వచ్చీరాగానే కెమెరా ఎత్తితే వాళ్ళు పుస్తకం చూడరు, నన్ను చూస్తారు."

ఆమె కెమెరా చప్పుడు చేసేది కాదు. పఠనమందిరంలో మాట్లాడకూడదు గనుక, 'మీ ఫోటో తీసుకోవచ్చా?' అని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపుల్లో రాసిన చిన్న అట్టముక్కను చదువరి ముందు ఉంచేవారు. తల ఊపితే తీసేవారు, అడ్డంగా ఊపితే నవ్వి వెళ్ళిపోయేవారు. గ్రంథాలయ చిత్రాలంటే గుమ్మటాలు, చెక్కడపు బీరువాలు అనుకునేవారికి ఆమె చిత్రాలు నిరాశ కలిగిస్తాయి. గుమ్మం ముందు అరిగిన చెప్పులు, వార్తాపత్రిక కింద నిద్రలోకి జారిన వృద్ధుడు, పోటీపరీక్షకు చదువుతూ పెదవులతో మాత్రమే పలుకుతున్న అమ్మాయి, రాత్రంతా ఏదో టవరుకు కాపలా కాసి వచ్చి యూనిఫాంలోనే ఆటల పేజీ చదువుతున్న సెక్యూరిటీ గార్డు. ఇవే ఆమె ప్రపంచం.

మా దగ్గరికి యాదయ్య తాత అని ఒకాయన వచ్చేవాడు. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచిన నేలలో ఒకప్పుడు జొన్నలు పండించినవాడు. అట్టముక్క చూడగానే మందిరమంతా వినబడేలా అరిచాడు. "ఏందమ్మా, నా ఫోటువెందుకు? గోడకు తగిలియ్యనీకి నేనేమన్న సచ్చిపోయిన్నా?"

అందరూ తలలెత్తారు. ఇందుమతి గారు ఏమాత్రం తొణకకుండా ఆయన చెవి దగ్గర వంగి, "పత్రిక చదివేటప్పుడు మీరు భలే కోపంగా ఉంటారండి. ఆ కోపం కావాలి నాకు" అన్నారు. తాత పకపకా నవ్వి, "గట్లయితే తియ్యి. పేపర్ల రాసేటివన్ని గట్లనే ఉంటయి మరి" అన్నాడు. ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా పనిగట్టుకుని కోపంగా చదివేవాడు. అది నటన అని ఆమె మళ్ళీ తీయలేదు. తీయలేదని ఆయన అలిగేవాడు.

ఒక వానాకాలపు సాయంత్రం కరెంటు పోయి, చదువరులంతా వెళ్ళిపోయాక, వాన తగ్గేదాకా ఇద్దరమే వరండాలో ఉండిపోయాము. అప్పటికి నాకామె మేడం నుంచి అక్క అయ్యారు. "ఇన్ని జాగలుండంగ ఈ లైబ్రరీలే ఎందుకు అక్కా మీకు?" అని అడిగాను.

ఆమె వాన వైపు చూస్తూ చెప్పారు. "ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆదివారాలు గడిచేవి కావండి. హోటలుకి వెళితే గుమ్మంలోనే 'ఎంతమంది?' అంటారు. ఒక్కర్నే అంటే మూల బల్ల చూపిస్తారు. ఎవరింటికైనా వెళితే, ఒక్కరే ఉంటారా అని జాలిపడతారు. లైబ్రరీలో ఎవరూ అడగరు. ఇక్కడికి అందరూ ఒక్కరే వస్తారు కదండీ. అందరూ ఒంటరిగా వచ్చేచోట మన ఒంటరితనం పెద్దగా కనపడదు."

ఆమె తన గురించి నాతో అంతసేపు మాట్లాడిన సందర్భం అదొక్కటే.

ఆమె వ్యక్తిత్వాన్ని చెప్పాలంటే రాజశేఖర్ గారి చిత్రం సంగతి చెప్పి తీరాలి. ఆయన, ఆయన భార్య అనుమతితోనే రాస్తున్నాను. ఇస్త్రీ చొక్కాతో, ల్యాప్‌టాప్ సంచితో రోజూ ఉదయమే వచ్చి కిటికీ పక్క కూర్చునే ముప్పై అయిదేళ్ళ మనిషి ఆయన. మెడలో కంపెనీ తాడు ఉండేది, కార్డు మాత్రం జేబులో ఉండేది. ఒకనాడు పుస్తకం మీద చేయి పెట్టి, దాని మీద గడ్డం ఆనించి, కిటికీలోంచి ఎదుటి అద్దాల భవనం వైపు చూస్తున్నాడు. ఆ అద్దాల మీద పడ్డ ఎండ తిరిగి ఆయన ముఖం మీద పడుతోంది. ఇందుమతి గారు అట్టముక్క చూపారు. ఆయన తల ఊపి, మళ్ళీ అలాగే ఉండిపోయాడు. ఆమె జీవితంలో తీసిన ఉత్తమ చిత్రం అదే. నేను చూశాను. ఒక మనిషి నిశ్శబ్దంగా కుంగిపోవడం అంత స్పష్టంగా మరెక్కడా చూడలేదు.

మాదాపూర్ వైపు ఒక చిత్రశాల వారు ఆమె చిత్రాలతో ప్రదర్శన తలపెట్టారు. అది ఆమెకు తొలి ప్రదర్శన. చిన్నపిల్లలా సంబరపడ్డారు. మెట్రో స్తంభాల మీద కట్టే ప్రచారపటానికి రాజశేఖర్ గారి చిత్రాన్నే ఎంచుకున్నారు. దాని నమూనాను ఆమె నాకు చూపించాలని తెచ్చి నా బల్ల మీద పరిచారు. పుస్తకం మార్చుకోవడానికి వచ్చిన రాజశేఖర్ దాన్ని చూసి కొయ్యబారిపోయాడు. మమ్మల్ని వరండాలోకి రమ్మని సైగ చేశాడు.

"మేడం, ఇది బయట పెడుతున్నరా?"

"అవునండి. మిమ్మల్ని అడిగే తీశాను కదా."

"అడిగిన్రు. మీ దగ్గరనే ఉంచుకుంటరనుకున్న." ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. "నాకు జాబ్ పోయి చాన దినాలైంది మేడం. ఇంట్ల చెప్పలే. మా కవిత పొద్దుగాల్నే లేచి టిఫిన్ డబ్బా కట్టిస్తది. ఆఫీసుకని బయల్దేరి ఈడికొచ్చి కూసుంట. ఆ మెట్రో కింది నుంచే మా పాపను స్కూలుకు తీస్కపోతది తను."

ఇందుమతి గారు లోపలికి వెళ్ళి నా బల్ల మీది నమూనాను తెచ్చారు. పటాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నారు. "అయితే పెట్టనండి. మీరు వెళ్ళి చదువుకోండి."

"నా కోసమని మీ ప్రదర్శన…"

"ఆ ముఖం మీది, నాది కాదు. వెళ్ళండి."

వరండాలోంచే చిత్రశాల వారికి ఫోను చేశారు. పక్కనే ఉన్నాను గనుక అవతలి మాటలూ వినిపించాయి. "ఫికర్ చేయకండి మేడం, ముఖం కొంచెం మసక చేద్దాం. ఎవ్వరూ గుర్తుపట్టరు" అన్నాడు అవతలి వ్యక్తి.

"వాళ్ళావిడ గుర్తుపడుతుందండి. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది ఆవిడే."

ఆ చిత్రం లేకపోతే ప్రదర్శనకు బలం లేదని, తర్వాత చూద్దామని వాళ్ళన్నారు. ఆ తర్వాత అన్నది రాలేదు. ఆమె కూడా మళ్ళీ వాళ్ళను అడగలేదు. "బాధగా లేదా అక్కా?" అని నేను అడిగితే, "ఎందుకుండదండీ? ఉంది" అని, కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వెళ్ళి, తన కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

అప్పటి నుంచి వచ్చిన ప్రతిసారీ రాజశేఖర్ గారికి ఎదురుగానే కూర్చునేవారు. సలహా ఇవ్వలేదు, ఉద్యోగాల ఊసెత్తలేదు. మధ్యాహ్నం ఆయన డబ్బా విప్పే వేళకు తాను కూడా డబ్బా విప్పేవారు. వరండా గట్టు మీద ఇద్దరూ పెద్దగా మాటల్లేకుండా తినేవారు. కొన్ని నెలలకు, ఒకనాడు పెరుగన్నం కలుపుకుంటూ, "రాత్రి చెప్పిన మేడం, ఇంట్ల" అన్నాడట ఆయన. "మంచిదండి" అన్నారట ఈమె.

ఆ తర్వాతి శనివారం ఆయన భార్య వచ్చింది. నా దగ్గరికి వచ్చి, "మా ఆయన ఏడ కూసుంటుండె మేడం?" అని మెల్లగా అడిగింది. చూపించాను. ఆ కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి కాసేపు బయటకు చూసింది. ఇందుమతి గారు వెళ్ళి పక్కన కూర్చున్నారు. కవిత ఫోటో అడిగింది. ఎప్పటికైనా అడుగుతారని ఆ ప్రతిని సంచిలోనే ఉంచుకున్నారేమో, వెంటనే తీసి ఇచ్చారు.

కవిత దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "గింత అలసిపోయిండని నాకు తెల్వనే తెల్వదక్కా. ఇంటికొస్తే నవ్వుకుంటనే ఉంటుండె" అంది. పఠనమందిరమని గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇందుమతి గారు ఆ ప్రతిని ఆమెకే ఇచ్చేశారు. ఇంటికి వెళ్ళి కంప్యూటరులోంచి కూడా దాన్ని తుడిచేశానని తర్వాత నాకు చెప్పారు. నేను ఉండబట్టలేక, "అంత మంచి ఫోటో ఎట్ల పోగొట్టుకుంటిరి అక్కా!" అన్నాను. "చూడాల్సిన మనిషి చూసేశారు కదండీ" అన్నారు. కళాకారులకు త్యాగబుద్ధి ఉంటుందని పీఠికల్లో చదువుతుంటాము. నేను కళ్ళారా చూసింది మాత్రం ఆ ఒక్కసారే.

అంత్యక్రియలకు రాజమండ్రి నుంచి అన్నగారి అబ్బాయి వచ్చాడు. మంచివాడే, కానీ పాపం, అత్త గురించి అతనికి తెలిసింది తక్కువ. "అత్తయ్యకి ఇక్కడ ఎవరున్నారండీ?" అని అడిగాడు. అతని మాట పూర్తయ్యేలోగానే శ్మశానం గేటు లోంచి మనుషులు రావడం మొదలైంది. రాజశేఖర్ దంపతులు వచ్చారు. పోటీపరీక్షల అమ్మాయిలు పుస్తకాల సంచులతోనే వచ్చారు. సెక్యూరిటీ గార్డు యూనిఫాంలో వచ్చాడు. శేరిలింగంపల్లి నుంచి, ఇంకా దూరం నుంచి, నేనెరుగని గ్రంథాలయాల చదువరులు వచ్చారు. ఏళ్ళకేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి పేరొకరు తెలియనివాళ్ళు, ఆ రోజు మొదటిసారి పేర్లు చెప్పుకున్నారు. అక్కడ కూడా ఎవరూ గొంతు పెంచలేదు. ఆ అబ్బాయి ఆశ్చర్యంగా చూస్తూ నిలబడ్డాడు.

మహనీయులని లోకం పిలిచేవారి జాబితాలో ఇందుమతి గారి పేరు ఉండదు. ఆమెకు ప్రదర్శన జరగలేదు, సన్మానం జరగలేదు. చదివే మనిషి ముఖంలోని ఏకాంతాన్ని అంత మర్యాదగా చూసిన కన్ను మాత్రం ఈ నగరంలో మరొకటి ఉందని నేననుకోను. ఆ చూపుకు, ఆ సంయమనానికి, తనను అక్కా అని నన్ను పిలవనిచ్చిన ఆ ఔదార్యానికి సాష్టాంగపడి నమస్కరిస్తున్నాను.

నిన్న శనివారం, ఆమె వచ్చే రోజు. ఆమె కూర్చునే కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి వచ్చి కూర్చుంది. లేవమని చెబుదామని సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏదో కథల పుస్తకం తెరిచి, రెండు మూడు పేజీలు తిరిగేసరికే లోకం మరిచిపోయింది. చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుకుంది. సరిగ్గా అప్పుడు కిటికీలోంచి ఎండ వచ్చి ఆమె చెంప మీద వాలింది. అప్రయత్నంగా గుమ్మం వైపు చూశాను. ఎవరూ రాలేదు. ఎండ కాసేపు అలాగే ఉండి, బల్ల మీదికి జారి, వెళ్ళిపోయింది.