ఎడమచేతి పళ్లు

పంటి నొప్పితో ఆ నీలం తలుపు కొట్టేవాళ్లు ఏడాదికి ఇద్దరైనా ఉంటారు. తప్పు వాళ్లది కాదు. వీధి మలుపులో ఎవరినడిగినా "పళ్ల డాక్టరమ్మ ఇల్లా? అదిగో, అదే" అని చూపిస్తారు. లోపల చూస్తే సాన చక్రం, నీళ్ల తొట్టి, గోడకు వరసగా ఆకురాళ్లు. బుగ్గ పట్టుకొచ్చిన మనిషి అక్కడే ఆగిపోతాడు. "పళ్లు పీకడం నాకు రాదు బాబూ, కత్తులకు పెట్టడమే వచ్చు" అని చెప్పి, అసలు డాక్టరు ఉండే సందు చూపిస్తుంది ఆమె.

తండ్రి కాలితో చక్రం తొక్కుతూ వీధివీధీ తిరిగి కత్తులకు సానపట్టేవాడు. ఇద్దరు కూతుళ్లలో పెద్దది నిప్పురవ్వలు చూస్తే పారిపోయేది. చిన్నది పక్కనే కూర్చుని రవ్వలు ఎటు పడుతున్నాయో చూసి పదును ఎక్కిందో లేదో చెప్పేది. తండ్రి పోయాక చక్రం ఆమె చేతికొచ్చింది. ఆడమనిషి సాన పట్టడమేమిటని నవ్వినవాళ్లు మూడేళ్లు తిరిగేసరికి తమ కత్తులు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

మడత కత్తులకు పళ్లు పెట్టడం మాత్రం సొంతంగా నేర్చుకుంది. తడిసిన తాడు మీద నున్నటి అంచు జారిపోతుంది, పళ్లుంటే పట్టుకుంటుంది. ఆ పళ్లు కూడా అన్నిటికీ ఒకేలా కుదరవు. తాడుకు పెట్టినవి అట్టపెట్టెను చింపేస్తాయి, అట్టపెట్టెకు పెట్టినవి తివాచీలో ఇరుక్కుంటాయి. అందుకే కోసే వస్తువు జానెడు ముక్క తెస్తే తప్ప ఆమె కత్తి ముట్టదు. ఒకాయన వచ్చి, కోసేదేమీ లేదు, పళ్లుంటే చూడ్డానికి బావుంటుందన్నాడు. "చూసుకోవడానికైతే అద్దం కొనుక్కోండి" అని కత్తి ఆయన చేతిలో పెట్టేసింది.

ఈ పని చేపట్టిన ఇరవయ్యారేళ్లలో ఆమె నోటి నుంచి 'తప్పయింది' అన్న మాట ఎవరూ వినలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చిక్కేమిటంటే, చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుండేవి.

అక్క మొగుడు గిడ్డంగిలో లారీల సరుకుకు కట్టిన తాళ్లు కోసే పనివాడు. ఎనిమిది నెలల కిందట పెట్టె ఒకటి జారి కుడిచేతి మీద పడింది. చెయ్యి నిలిచింది గానీ మూడు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. నెమ్మదిగా ఎడమచేత్తో తినడం, రాయడం నేర్చుకున్నాడు. మేస్త్రి మంచివాడే, కానీ పని దగ్గర మొహమాటం లేనివాడు. "సోమవారం ఒక లారీ తాళ్లు నా ముందు కోసి చూపించు. కోస్తే నీ పని నీదే. లేకపోతే గేటు దగ్గర కాపలా కుర్చీ ఉంది" అన్నాడు. రోజుకు ముప్ఫై లారీలు ఎక్కి దిగిన మనిషికి ఆ కుర్చీ పేరు వింటేనే ఒళ్లు మండిపోయింది.

"నీకెందుకు బావా బెంగ, నీ చేతికి తగ్గ కత్తి నేను చేస్తాను కదా" అంది డాక్టరమ్మ.

నాలుగు రోజులు దాని మీదే కూర్చుంది. కత్తి అలుగును బొటనవేలితో నెట్టి తెరిచే బుడిపెను ఎడమచేతికి అందేలా రెండో వైపుకు మార్చింది. జేబుకు తగిలించే క్లిప్పు కూడా మార్చింది. పిడిని ఆయన గుప్పిటకు సరిపడా అరగదీసింది. చివరగా, గుండ్రటి ఆకురాయితో రెండు చిన్న పళ్లు, ఒక పెద్ద పన్ను చొప్పున అంచంతా చెక్కింది. పూర్తయ్యాక తనకు తనే మురిసిపోయింది.

శనివారం మధ్యాహ్నం బావ, అక్క వచ్చారు. బల్లకు బిగించిన నైలాన్ తాడు మీద బావ ఎడమచేత్తో కత్తి ఆనించి లాగాడు. కత్తి సగం దిగి, పక్కకు తిరిగి, ఇరుక్కుపోయింది. మళ్లీ లాగాడు. మళ్లీ అంతే. మూడోసారికి చెమట పట్టింది.

డాక్టరమ్మ కత్తి అందుకుని ఒక్క లాగు లాగింది. తాడు రెండు ముక్కలై పడింది.

బావ మొహం పాలిపోయింది. "ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదు మరదలా నేను. కత్తి బంగారంలా ఉంది. చెయ్యే లాభం లేదు" అన్నాడు. తరవాత భార్య వైపు తిరిగి, "ఆ కుర్చీకి ఒప్పుకుంటానని చెప్పేస్తాలే" అన్నాడు. అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది.

డాక్టరమ్మ కత్తిని ఎడమచేతిలోకి మార్చుకుని తాడు మీద లాగింది. కత్తి పక్కకు తిరిగింది. అలుగును వెలుగులోకి ఎత్తి చూసి నాలుక కరుచుకుంది. పళ్లు అలుగుకు ఒక ముఖం మీదే చెక్కుతారు, రెండోది చదునుగా ఉంటుంది. కుడిచేతివాళ్లకు కుడి ముఖం, ఎడమచేతివాళ్లకు ఎడమ ముఖం. అది తారుమారైతే కత్తి పక్కకు లాగేస్తుంది. బుడిపె మార్చింది, క్లిప్పు మార్చింది. పళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇరవయ్యారేళ్ల అలవాటు కొద్దీ చేతులు కుడి ముఖాన్నే తిప్పుకున్నాయి.

కాస్త సరిచేయాలని చెప్పి కత్తి ఉంచేసుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఈ మనిషి తన ఎడమచెయ్యి కూడా చచ్చిపోయిందని నమ్ముతూ ఇంటికి వెళతాడు. సోమవారం ఏ కత్తి ఇచ్చినా ఆ నమ్మకంతోనే లాగుతాడు. ఆమె కత్తి బల్ల మీద పెట్టేసింది.

"మద్దెల ఓడే బావా" అంది. "తప్పు నాది. కుడిచేతి పళ్లు పెట్టాను. నీ ఎడమచేతికేం కాలేదు."

"నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు."

"నీ మనసు కోసం నా పనికి నేనే వంక పెట్టుకుంటానా? నన్ను ఎన్నేళ్లుగా చూస్తున్నావు?"

బావ ఆమె మొహంలోకి చూశాడు. పళ్ల డాక్టరమ్మ తప్పు ఒప్పుకుందంటే అందులో అబద్ధం ఉండే అవకాశం లేదు. మెల్లగా నవ్వాడు. అక్కకు మాత్రం అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆ పళ్లన్నీ అరగదీస్తే అలుగు సన్నబడింది. ఆదివారమంతా రెండో ముఖం మీద కొత్తవి చెక్కింది. అలవాటు లేని వైపు కావడంతో ఒకటీ అరా వంకరపోయాయి. చూడ్డానికి మొదటి దాని అందం లేదు.

సోమవారం ఆమె దుకాణం మూసి అక్కతో కలిసి గిడ్డంగి గేటు దగ్గర నిలబడింది. బావ లారీ పక్కన ఎడమచేత్తో కత్తి తెరిచాడు. మొదటి తాడు రెండు లాగులకు తెగింది. రెండోది ఒక్క లాగుకే తెగింది. పద్నాలుగు తాళ్లు కోసేదాకా ఆయన కత్తి వైపు గానీ చేతి వైపు గానీ చూడలేదు.

మేస్త్రి నమ్మలేనట్టు కత్తి అడిగి తీసుకున్నాడు. మిగిలిన తాడు ముక్క మీద కుడిచేత్తో లాగాడు. కత్తి పక్కకు తిరిగి ఇరుక్కుంది. ఇంకోసారి లాగాడు.

"ఇదేం కత్తయ్యా, వంకరగా పోతోంది?" అన్నాడు.

"కత్తి సరిగానే ఉందండీ" అన్నాడు బావ, దాన్ని ఎడమచేత్తో వెనక్కి తీసుకుంటూ. "మీ చెయ్యే కుదరలేదు."