బాలశౌరి బిగించిన పన్నెండు గొట్టాలు

బాలశౌరి ఎడమచేత్తో చిన్న గొట్టాన్ని అయస్కాంతానికి ఆనించి పట్టుకుని, కుడిచేతిలో పిపెట్‌తో ఎదురు చూస్తున్నాడు. గొట్టంలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు. ఆ రంగంతా కంటికి ఆనని ఇనప కణాలది. కాసేపటికి రంగు మెల్లగా అయస్కాంతం వైపు జరిగి గొట్టం గోడకు మరకలా అంటుకుంది. మిగతా నీళ్లు తేటపడ్డాయి. పిపెట్ మొనను ఎదుటి గోడ వెంట దించి, మరకకు తగలకుండా తేటనీళ్లు తీసేసి, కొత్త నీళ్లు పోశాడు. ఇలా మూడుసార్లు కడగాలి. తొందరపడి లాగితే నీళ్లతోపాటు కణాలూ వచ్చేస్తాయి. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది నాలుగు గొట్టాలు పారబోశాక చేతికే తెలిసింది.

దసరా వెళ్లిన మర్నాడు, శుక్రవారం. నరసరావుపేట శివారులోని ఆ ప్రైవేటు కాలేజీకి ఇంకా సెలవే. బయోటెక్నాలజీ విభాగంలో చివరి గది ఒక్కటే తెరిచి ఉంది.

బాలశౌరిది క్రోసూరు. ఇంటర్‌తో చదువాపి, పేటలో మోటార్లు చుట్టే కొట్టులో పదిహేనేళ్లు పనిచేశాడు. పదకొండేళ్ల కిందట ఈ గదిలో గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగిపోతే బాగుచేయడానికి వచ్చాడు. రాగి తీగ చుట్టే ఆ వేళ్ల నిదానం చూసి అప్పటి ప్రొఫెసర్ గారు ఉండిపొమ్మన్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిషు కాగితాలు చదివాడు. అర్థంకానిది చేసి చూశాడు. గొట్టాలను నెమ్మదిగా తలకిందులు చేస్తూ తిప్పే యంత్రం కొనడం కుదరకపోతే పాత కూలర్ మోటారుతో తనే కట్టాడు. అది ఇప్పటికీ తిరుగుతోంది.

అతని పని ఎంజైమ్‌ను నానో కణానికి బిగించడం. మనిషిదైనా మిరప మొక్కదైనా డీఎన్‌ఏ చదవాలంటే, దాని పోగును పట్టుకుని ఒక్కో అక్షరమే నకలు తీసే ఎంజైమ్ కావాలి. అక్షరం చేరినప్పుడల్లా యంత్రానికి ఒక మెరుపు కనబడుతుంది. ఆ మెరుపుల వరస పట్టుకునే యంత్రం చదువుతుంది. ఎంజైమ్ నీళ్లలో ఇష్టమొచ్చినట్టు తేలుతూ తిరిగితే యంత్రం ఎటు చూడాలి? అందుకని దాన్ని కణానికి బిగించి, కణాన్ని ఒక గుంటలో కూర్చోబెడతారు. గట్టిగా బిగియాలి, బిగిశాక కూడా ఎంజైమ్ పనిచేయాలి. కష్టమంతా ఆ రెండోదానిలోనే ఉంది.

హైదరాబాదులో ఒక కంపెనీ పన్నెండు గొట్టాలు అడిగింది. శనివారం ఉదయం వాళ్ల యంత్రంలో పెట్టి చూస్తారు. సరిగ్గా చదివితే రెండేళ్లపాటు ఈ కణాలు ఇక్కడే చేయిస్తారు. చదవకపోతే ఈ గదిని ప్లేస్‌మెంట్ సెల్‌కి ఇవ్వాలని యాజమాన్యం తీర్మానించింది. బల్లల కోసం వడ్రంగులు వచ్చి కొలతలు కూడా తీసుకుపోయారు. గది లేకపోతే బాలశౌరి ఉద్యోగమూ లేదు. తిరిగి పోదామంటే మోటార్ల కొట్టు మూతపడి ఆరేళ్లయింది.

కడిగిన కణాల మీద మందు పోశాడు. ఈ మందు కణాల ఒంటినిండా కొక్కేలు లేపుతుంది. లేచిన కొక్కేలు అరగంటకు మించి నిలవవు. ఆలోపే ఎంజైమ్ వేయాలి. గడియారం చూసుకుని, ఎంజైమ్ కోసం ఫ్రీజర్ తలుపు తీశాడు.

ఫ్రీజర్ మామూలుగానే గుర్రుమంటోంది. చల్లగానే ఉంది. మూలన గాజు గ్లాసు ఉంది. అందులో నీళ్లు గడ్డకట్టించి, గడ్డమీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఉంచడం బాలశౌరి అలవాటు. తను లేనప్పుడు కరెంటు పోయి మళ్లీ వచ్చిందేమో ఆ బిళ్లే చెబుతుంది. ఇప్పుడు గడ్డ గడ్డలాగే ఉంది. బిళ్ల మాత్రం అడుగున ఉంది.

గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తలుపు మీద మూడు కుంకుమ బొట్లు అప్పుడు కనబడ్డాయి.

వరండా ఊడుస్తున్న త్రికోటేశ్వరరావును పిలిచాడు. ఆయన ఈ విభాగానికి ఇరవై ఏళ్లుగా అటెండర్. ఆయుధపూజ ఆయన చేతి మీదుగానే జరుగుతుంది. ప్రతి ఏడూ బాలశౌరి తన గదికి తాళం వేసుకుపోయేవాడు. నిరుడు దానికి ఆయన చిన్నబుచ్చుకున్నాడు, మీ మతం వేరైతే మిషన్లకూ మతం ఉంటదా అని నలుగురిలో అన్నాడు. అందుకని ఈ ఏడు బాలశౌరి తాళం చెవి తనే ఆయన చేతిలో పెట్టి క్రోసూరు వెళ్లాడు. ఫ్రీజర్ సంగతి ఒక్క ముక్క చెప్పడం మరిచాడు.

"బాబాయ్, ఈ ఫ్రీజర్ ఆపినావా?"

"ఆపకుండా పూజెట్టా చేస్తారు శౌరీ? ఏడాదంతా తిరిగే మిషనికి ఆ ఒక్కరోజన్నా విశ్రాంతి ఇయ్యాలిగా. బుధవారం పొద్దున ప్లగ్గు పీకి, నీట్‌గా తుడిచి బొట్టు పెట్టినా. నిన్న సాయంత్రం హారతి అయినాక మళ్లీ ఏసినా. నీ సామానొక్కటీ కదపలా."

నిజమే, ఒక్క సామానూ కదల్లేదు. ఫ్రీజర్‌ను అంత శుభ్రంగా తుడిచినవాళ్లు ఇంతవరకు లేరు. రెండు పగళ్లూ ఒక రాత్రీ ఆ ఎంజైమ్ గది వేడిలో ఉంది. దాన్ని తయారుచేసేవాళ్లు గడ్డకట్టని చిక్కటి ద్రవంలో పోసి పంపుతారు కాబట్టి పాడైనా చూపుకు తేడా తెలియదు. ఉన్నది ఆ ఒక్క గొట్టమే. ఇంకొకటి తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది.

"ఏంది, పాడైందా? నా మూలానేనా?" త్రికోటేశ్వరరావు చీపురు గోడకు ఆనించాడు.

"తాళం ఇచ్చింది నేను బాబాయ్."

బాలశౌరి గడియారం చూశాడు. అరగంటలో పదకొండు నిమిషాలు పోయాయి. పనిచేయడం మొదలుపెట్టాడు. ఎంజైమ్‌తో వచ్చే ద్రవంలోని ఉప్పు కూడా ఆ కొక్కేలకే తగులుకుంటుంది, అలా తగులుకుంటే ఎంజైమ్‌కు చోటుండదు. కాబట్టి ముందు దాన్ని చిన్న జల్లెడ గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఉప్పు వదిలించి, కణాలలో కలిపి, కూలర్ మోటారు చక్రానికి తగిలించాడు. గొట్టం నెమ్మదిగా తలకిందులవుతూ తిరగసాగింది. పాడైపోయి ఉండవచ్చని తెలిసిన సరుకే అయినా ఒక్క పనీ తగ్గించలేదు. తగ్గించడం అతనికి చేతకాదు.

పది గంటలకు రోహిణి మేడమ్ వచ్చింది. ఈ ప్రాజెక్టు ఆమెది. ప్రొఫెసర్ గారు రిటైరయ్యాక నాలుగేళ్లుగా ఈ గదిని ఆమే మోస్తోంది. సంగతి విని కుర్చీలో కూర్చుంది, ఫోన్ బోర్లించి బల్లమీద పెట్టింది. ఆపేద్దామా అనడగలేదు. చక్రం ఆగాక మిగిలిన కొక్కేలు మూసి, మళ్లీ మూడుసార్లు కడిగి, బాలశౌరి లెక్క తీశాడు. వేసిన ఎంజైమ్‌లో నూటికి ఎనభై ఎనిమిది వంతులు కణాలకు బిగుసుకున్నాయి. ఈ గదిలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఆమె ముఖం కాస్త తేటపడింది. అతను రెండో పరీక్ష పెట్టాడు. డీఎన్‌ఏ ముక్క వేసి, ఎంజైమ్ దానికి నకలు తీస్తుంటే ఎంత వెలుగు వస్తుందో చూసే పరీక్ష అది. మామూలుగా నూటికి అరవై దాటేది. ఈసారి ఆరు వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆరే.

ఆమె, కంపెనీ వాళ్లు పంపిన ఫారంలో బిగిసినదాని లెక్కకే గడి ఉందనీ, రెండోదానికి గడి లేదనీ చెప్పింది. అందులో అబద్ధం లేదు.

"ఎనభై ఎనిమిది ఒక్కటే రాయండి శౌరి గారూ. చదివితే అదృష్టం."

"బిగించడం చానా బాగా కుదిరింది మేడమ్. బిగిసిందే బతికి లేదు."

"ఆరు అని రాస్తే వాళ్లు మిషన్లో పెట్టనైనా పెట్టరు. ఈ నెలతో గది పోతుంది. మీరూ, నేనూ."

"రాయకపోయినా పోద్ది మేడమ్. రేపు వాళ్ల మిషనే చెప్పుద్ది. అప్పుడు ఎనభై ఎనిమిది గూడా అబద్ధం అనుకుంటారు. అది మాత్రం నేను చేసిందే."

ఆమె కిటికీ వైపు చూసింది. కిటికీ పక్క గోడ మీద వడ్రంగులు పెన్సిల్‌తో గీసిన కొలత గీతలున్నాయి. ఇంకో ఎంజైమ్ వచ్చేదాకా గడువు ఇమ్మని కంపెనీకి ఫోన్ చేసింది. అటువైపు మాట మర్యాదగానే ఉంది. శనివారం తప్పితే ఈ ఏడాదికి యంత్రం ఖాళీ లేదట, ఉన్నదే పంపమన్నారు. ఫోన్ పెట్టేసి, మీ ఇష్టం అన్నట్టు ఫారం అతని వైపు జరిపింది.

బాలశౌరి గడిలో ఎనభై ఎనిమిది రాశాడు. దాని కింద ఖాళీలో, రెండు రోజులు ఫ్రీజర్ ఆగిందనీ, పనిచేసేది నూటికి ఆరేననీ అచ్చు అక్షరాల్లో రాశాడు. ఎవరు ఆపారో రాయలేదు. రోహిణి సంతకం పెట్టి, తల ఎత్తకుండానే బయటికి వెళ్లింది.

తర్వాత పన్నెండు గొట్టాలు నింపాడు. కణాలు అడుగున దిగితే ఒక గొట్టం చిక్కనై మరొకటి పలచనవుతుంది. అందుకని ప్రతి గొట్టానికీ ముందు పెద్ద గొట్టాన్ని పదిసార్లు తలకిందులు చేశాడు. పన్నెండూ ఒకే రంగులో నిలబడ్డాయి. మూతలు బిగించి, చీటీలు అంటించి, థర్మాకోల్ పెట్టెలో అమర్చాడు. ఐసు ముక్కలకు నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి ముద్దవుతాయని మధ్యలో దూది పరిచాడు.

నాలుగు గంటలకు కాలేజీ కారు వచ్చింది. డ్రైవర్ నూర్ మొహమ్మద్ డిక్కీ తెరవబోతే వద్దని, ముందు సీట్లో నిలువుగా పెట్టమన్నాడు. కారు ఎండలో ఆపవద్దని, దారిలో మూత తీయవద్దని చెప్పాడు. నూర్ మొహమ్మద్ అన్నిటికీ తలూపి, అవతల ఎవరికివ్వాలో పేరు రాసుకున్నాడు. బాలశౌరి పెట్టె అంచున టేపు ఇంకో వరస వేసి, గోటితో నొక్కి, ఫారం మడిచి పైన అంటించి, రెండు చేతులా అందించాడు.