ఐదో మాటకు ముందు మాత్ర

మంచి శుక్రవారం మధ్యాహ్నం, చర్చిలో చాపలు చాలలేదని ఇంటికి వచ్చిన జ్ఞానప్రకాశానికి కిటికీలో మాత్రల డబ్బీ కనిపించింది. చాప సంగతి మరిచిపోయాడు. భార్య మంజుల నిన్న రాత్రి మింగాల్సిన మాత్ర అలాగే ఉంది. ఈ పొద్దుటిదీ అలాగే ఉంది. డబ్బీ, చెంబుతో నీళ్లు తీసుకొని ఆటో ఎక్కాడు.

మంజులకు చాగలమర్రిలో బడికి పోయే వయసు నుంచీ ఫిట్స్. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. పెళ్లై ఆళ్లగడ్డకు వచ్చాక, నంద్యాల డాక్టరు మాత్రలు మొదలుపెట్టాకే అవి ఆగాయి. "రాలేదంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. ఒక్క పూట కూడా మానొద్దు, నిద్ర చెడగొట్టుకోవద్దు" అని చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆయన చెప్పేవాడు. మంజుల అలాగే నడుచుకుంది. తోడు లేకుండా పొయ్యి మీద నూనె కూడా పెట్టేది కాదు. మిషను కుట్టుకుంటూ మూడేళ్లు హాయిగా గడిపింది.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఆ రోజు ఏడుగురు వివరిస్తారు. దాహాన్ని గురించిన ఐదో మాట ఈసారి మంజులకిచ్చారు. ఆ చర్చిలో ఆడమనిషికి ఇవ్వడం అదే మొదలు. తడబడకూడదని రాత్రంతా మేలుకొని చదువుకుంది. ముందు రోజు సాయంత్రం నుంచి ఈ మధ్యాహ్నం మూడింటి దాకా నీళ్లు కూడా ముట్టని ఉపవాసం. మాత్రకేమో నీళ్లు కావాలి.

ఆటో చర్చి ముందు ఆగేసరికి నాలుగో మాట ముగింపుకొచ్చింది. నీళ్లచెంబుతో ఆడవాళ్ల వైపు నడుస్తుంటే తలలన్నీ తిరిగాయి. సిగ్గుతో చెవులు వేడెక్కినా జ్ఞానప్రకాశం ఆగలేదు.

"ఏమ్మే, మాత్ర మింగు."

"మూడయినాక మింగుతాలే. అందురూ చూస్తాండారు."

"చూడనీ."

"దాహం గురించి చెప్పల్ల నేను. చెంబెత్తి తాగి చెబితే నవ్వరా?"

పక్కనున్న జీవమ్మ, వీధికంతా పెద్దమ్మ, డబ్బీ వంక చూసింది. కొంగుముడి విప్పింది.

"నా బీపీ మాత్ర గూడా పొద్దున్నించీ ఈడనే ఉంది నాయనా. తే ఆ చెంబు." అందరూ చూస్తుండగానే మాత్ర నోట్లో వేసుకొని గటగటా తాగింది. "ఇంగ నవ్వేటోళ్లు నన్ను జూసి నవ్వనీ. మింగమ్మా."

మంజుల మింగింది. కానీ మాత్ర ఒంటికి పట్టే వ్యవధి లేకపోయింది. పేరు పిలవగానే లేచింది. కుడిచేయి ఎగిరిపడింది, చూపు నిలిచిపోయింది. కూలిపోతుంటే జ్ఞానప్రకాశం పట్టుకొని నేల మీద పడుకోబెట్టాడు.

"తాళాలు పెట్టండప్పా చేతిలో!" ఎవరో అరిచారు.

"ఇనుమొద్దు, ఏందీ వద్దు! నోట్లో నీళ్లు పోయొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. గాలి రానీండి!"

జ్ఞానప్రకాశం ఆమె తల కింద తువ్వాలు పెట్టి, పక్కకు ఒత్తిగిలజేసి, గోడ గడియారం వైపు చూశాడు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ముల్లు కదలదు. ప్రభువా, ఆపు తండ్రీ. జీవమ్మ ఆమె చీర సర్ది, కాళ్ల మీద తన కొంగు కప్పింది. రెండో నిమిషం దాటాక కుదుపులు సన్నగిల్లాయి. ఊపిరి తేటపడింది.

పాస్టరు ఫ్రాన్సిస్ అయ్యగారు ప్రార్థన చేసి, ఆరో మాటకు పోయారు.

మూడయింది. ఉపవాసం విడిచే మజ్జిగ మొదటి గ్లాసు అయ్యగారే తెచ్చారు. మంజుల అప్పటికి బాగా తెలివొచ్చి, జీవమ్మకు ఆనుకొని కూర్చుంది.

"నా మాట ఎవురు చెప్పినారయ్యా?"

"ఎవురూ చెప్పలేదమ్మా. అది నీదే. ఈస్టరు నాడు చెబుదువు."

"అందురి ముందర పడితిని. మళ్లా పిలుస్తారా?"

"దాహమని ప్రభువే అందురి ముందర అడిగినాడు గదమ్మా. మాత్ర మింగేదానికి నీళ్లడిగితే తప్పేముంది? వచ్చే ఏడు నుంచి మాత్రలున్నోళ్లు మింగే రావల్లని నేనే మైకులో చెప్తా."

మంజుల గ్లాసు అందుకుంది. జ్ఞానప్రకాశం నంద్యాల డాక్టరుకు ఫోను చేయడానికి బయటికి నడిచాడు.

"చాప యాడప్పా?" వెనకనుంచి జీవమ్మ కేకేసింది. "మోకాళ్లు కొట్టుకపోయినాయి మాకు!"