గంట కొట్టని పద్మలత చిన్నమ్మ

వరంగల్‌లో స్టీలు గిన్నెల దుకాణం నడుపుతున్న పద్మలత గారు, గోడ ఎక్కే పోటీలో తోటి పోటీదారు కాలు పట్టి కిందికి లాగారని ఒక టీవీ ఛానల్ ప్రసారం చేసింది. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా, మరోసారి ఉరుము శబ్దం జోడించి చూపించారు. ఉరుము సాక్ష్యం కాదు.

ఆమెను నేను చిన్నమ్మా అని పిలుస్తాను. రక్తసంబంధం లేదు, వారి దుకాణం పై అంతస్తులో మేము అద్దెకు ఉంటాం. ఆమె మీద నాకు అభిమానం ఉందన్న సంగతి దాచను. నేను చదివిన న్యాయశాస్త్రంలో అభిమానం ఉన్న సాక్షి పనికిరాడని ఎక్కడా లేదు. ఇక ఆమెలోని విపరీతం అంటారా, అది ఒక్కటే. ఎంత ఎత్తు ఎక్కినా, ఎందుకు ఎక్కినా, ఉత్త చేతులతో దిగదు.

దుకాణంలో గిన్నెలు నేల నుంచి కప్పు దాకా అరల్లో పేర్చి ఉంటాయి. నిచ్చెన ఉంది గానీ దాని మీద ఆమె భర్త కిషన్ రావు చిన్నాయన తువ్వాలు ఆరేసుకుంటాడు. చిన్నమ్మ కొంగు నడుముకు దోపి, అరల అంచుల మీద పాదం మోపుతూ పైకి వెళ్లిపోతుంది. ఒకరోజు చిలుకమ్మ అనే ఆవిడ టీ వడకట్టే జాలి అడిగింది. చిన్నమ్మ ఎక్కి, ఇడ్లీ కుక్కర్‌తో దిగింది.

"జాలి అడిగితే కుక్కర్ ఎందుకు దించినవే?" అన్నాడు గల్లా దగ్గర కూర్చున్న చిన్నాయన.

"జాలి కింది అరలనే ఉన్నది. పైకి పోయినంక యాదికొచ్చింది."

"అయితే ఉత్తగ దిగరాదా?"

"ఎక్కినందుకు ఏదో ఒకటి రావాలె గద. ఉత్తగ దిగితే నా కాళ్లు నన్నేమనుకుంటయ్?"

"నాకు కుక్కర్ వద్దక్కా," అంది చిలుకమ్మ.

"కొనమన్ననా? సూడు. పాపం, నీకోసం గంత దూరం దిగొచ్చింది."

చిలుకమ్మ కుక్కర్ కొన్నది. జాలి మరిచిపోయి వెళ్లింది. ఇదంతా వ్యాపారపు ఎత్తుగడ అని బజారులో ఒక వాదన ఉంది. ఆ వాదన నిలవదు. సగం సార్లు ఆమె దించేది చిన్నాయన దాచుకున్న కారప్పూస డబ్బా. అది అమ్మకపు వస్తువు కాదు.

మా నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూసి వస్తానని ఒకసారి పైకి వెళ్లి, ట్యాంకు మూత చంకలో పెట్టుకుని దిగింది. మూతెందుకు చిన్నమ్మా అని అడిగాను. "చేతికి వేరేదేం దొరకలే బిడ్డా. తోమి పెడతా," అంది. తోమింది కూడా. తళతళలాడే ఆ మూతను తిరిగి పెట్టే లోపు ట్యాంకులో ఒక పావురం స్నానం ముగించుకుంది.

ఇంకోసారి, ఎన్నికలు అయిపోయి చాలాకాలమైనా దుకాణం ముందు స్తంభానికి వేలాడుతున్న ఒక నాయకుడి ఫ్లెక్సీని దించింది. నిజానికి ఆమె ఎక్కింది పక్కింటి పిల్ల దుపట్టా కోసం. అనుచరులు బండ్ల మీద వచ్చారు.

"మా అన్న ఫ్లెక్సీ ఎవరు దించిన్రు?"

"నేనే. పాపం ఎండకు మాడిపోతాండు. లోపలికి తెచ్చిన, నీడకున్నడు."

లోపలికి తొంగిచూస్తే ఆ నాయకుడు చేతులు జోడించి బకెట్ల దొంతర మీద కప్పి ఉన్నాడు. అనుమతి లేకుండా కట్టిన ఫ్లెక్సీని ఏ చట్టం కింద తిరిగి అడుగుతారో చెప్పమని నేను అడిగాను. వారు ఒక బకెట్ కొనుక్కుని వెళ్లారు.

ఇలాంటి మనిషి అరలెక్కడాన్ని మా తమ్ముడు నిఖిల్ ఫోన్‌లో తీసి లోకానికి వదిలాడు. అది చూసి 'కొండంత దమ్ము' అనే పోటీ కార్యక్రమం వారు ఆమెను సామాన్యుల ప్రత్యేక భాగానికి పిలిచారు. అసామాన్యులు ఎవరన్నది వారు వివరించలేదు. ఒప్పందం చదివాకే సంతకం పెట్టమన్నాను. "సదివిన బిడ్డా. మంచి కాగితం, మందంగున్నది," అంది చిన్నమ్మ.

హైదరాబాద్‌లో సెట్ వేశారు. కాళ్లూ చేతులూ మోపే రంగురంగుల పట్టులున్న ఎత్తైన గోడ, నడుముకు తాడు, శిఖరాన ఒక గంట. ఇద్దరు పక్కపక్కన ఎక్కాలి; ముందు గంట కొట్టినవారు గెలిచినట్టు; అవతలివారిని ముట్టుకుంటే ఓడినట్టు. నేను ప్రేక్షకుల్లో ఉన్నాను. ఎప్పుడు ఆశ్చర్యపోవాలో ఒకాయన అట్ట మీద రాసి చూపిస్తుంటే ఆశ్చర్యపోయాం. ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. ఆ పదంలోని మొదటి సగాన్ని వారికి ఎవరిచ్చారన్నది వేరే వ్యాజ్యం.

చిన్నమ్మకు ఎదురు నిలిచింది కావ్య. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల, పోలీసు కొలువుకు తయారవుతోంది. మెరుపులా ఎక్కింది. గంట కాస్త దూరంలో ఉందనగా కిందికి చూసింది, అంతే, గోడకు అతుక్కుపోయింది. చేతులు వదిలితే తాడు పట్టుకునేవాడు క్షేమంగా దించుతాడు. ఆ చేతులే ఆమె మాట వినడం లేదు. తాడు పట్టుకున్న మనిషి ఎవరినైనా పైకి పంపమని అడిగాడు. "ఆగు. ఏడుపు బాగా వస్తోంది. ముఖం దగ్గరికి తియ్యండి," అని మైకులో ఒక గొంతు వినిపించింది. వయొలిన్ మొదలైంది.

చిన్నమ్మ చెయ్యి అప్పటికి గంటకు జానెడు దూరంలో ఉంది. ఆమె పక్కకు చూసింది. మెడ దగ్గరి మైకుల వల్ల మాటలన్నీ మాకు వినపడ్డాయి.

"ఏమైంది బిడ్డా?"

"చేతులొస్తలేవు పెద్దమ్మా."

"రాకుంటే రాకపోనీ, వాటినడగకు. ఎడమ కాలు నాకియ్యి."

"మీరు గంట కొట్టున్రి."

"గంట యాడికి పోతది? పొద్దున ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"గందుకే. దా."

పక్కకు జరిగి, తాను ఒక మెట్టు కింద ఉంటూ, ఆ పిల్ల పాదాన్ని తన చేత్తో పట్టుకుని ఒక్కో పట్టు మీద పెడుతూ నేల దాకా తెచ్చింది. గంట కొట్టకుండా ఎందుకు దిగారని యాంకర్ అడిగింది.

"అంత పైకి పోయినంక ఉత్త చేతులతో ఎట్ల దిగుత?" అంది చిన్నమ్మ.

ముట్టుకున్నందుకు ఆమె ఓడినట్టు ప్రకటించారు. అది నిబంధన; నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఆదివారం ప్రసారమైన దాని మీద. అందులో మైకు గొంతు లేదు, ఏడుపు లేదు, మాటలు లేవు. కావ్య చీలమండ మీద చిన్నమ్మ చెయ్యి మాత్రం ఉంది, కింద 'కాలు లాగిన పద్మలత' అనే అక్షరాలు ఉన్నాయి.

మర్నాటి నుంచి గిరాకీ పెరిగింది. అంతా సెల్ఫీల గిరాకీ. "అత్తమ్మా, జర కాళ్లు దూరం పెట్టుకుంటం, ఏమనుకోకు," అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కానీ ఎక్కడం మానేసింది. పై అరలోది ఏది అడిగినా, తలెత్తకుండా, "పైవి లేవు," అనేది. కప్పు దాకా గిన్నెలు మెరుస్తుండగా చెప్పే ఆ అబద్ధం, ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం.

నేను ఛానల్‌కు లాయరు నోటీసు తయారు చేశాను. ఆమె సంతకం పెట్టలేదు.

"పూర్తి వీడియో బయటికొస్తే నీ ఇజ్జత్ నీకొస్తది చిన్నమ్మా."

"ఆ పిల్ల ఏడ్చింది గూడ బయటికొస్తది. రేపు పోలీసైతది. దొంగను పట్టుకుంటే వాడు నవ్వడా? నాదేమున్నది, గిన్నెలు నన్ను జూసి నవ్వుతయా?"

కావ్య చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆమె ఈ పోటీ గురించి పత్రికలతో మాట్లాడరాదు. ఆమె మాట్లాడలేదు. తల్లి యాకమ్మతో కలిసి బిందె కొనడానికి వచ్చి, చిన్నమ్మతో మాట్లాడింది. ఆ సమయంలో నేను అక్కడ గ్లాసులు చూడరాదనే నిబంధన ఒప్పందంలో లేదు.

"పై అరల బిందె చూపియ్యున్రి పెద్దమ్మా."

"పైవి లేవు బిడ్డా."

"కనబడుతున్నయ్ గద. మీరెక్కుతరా, నేనెక్కాల్నా?"

చిన్నమ్మ గాబరాగా కొంగు దోపుకుంది. అడిగిన బిందెనే దించింది. దుకాణ చరిత్రలో ఇది మొదటిసారి అని చిన్నాయన ధ్రువీకరించాడు.

"ఇగ ఆ వీడియో గూడ చూపియ్యుమనున్రి," అంది కావ్య, బిందె మీద వేలితో కొట్టి చూస్తూ. "నేను ఏడ్చిన. ఏడ్చుడు నేరమా?"

ఆ ప్రశ్న ఆమె గ్లాసుల వైపు తిరిగి అడిగింది. ఏ చట్టంలోనూ కాదని గ్లాసుల తరఫున నేను చెప్పాను. చిన్నమ్మ సంతకం పెట్టింది.

కాబట్టి, 'కొండంత దమ్ము' నిర్మాతలారా, మీకు ఇదే చెప్పడం. చిన్నమ్మ చెయ్యి గంట ముందు ఆగిన క్షణం నుంచి ఇద్దరి పాదాలు నేలను తాకే దాకా ఒక్క కోత లేకుండా, మళ్లీ ఆదివారమే, అదే వేళకు ప్రసారం చేయండి. మైకులో వినిపించిన గొంతు ఎవరిదో పేరుతో చెప్పండి. వయొలిన్ వద్దు, ఉరుము వద్దు, క్షమాపణ చదివే యాంకర్ కళ్లలో గ్లిజరిన్ వద్దు. పద్మలత గారు కాలు లాగలేదని, భయపడిన కాలికి చోటు చూపారని, ఇవే మాటల్లో చెప్పండి.