సుక్రు డప్పు ఫైవ్ పాయింట్ వన్‌లో

2022 చలికాలం. అరకులో మంచుకంటే టూరిస్టులే దట్టంగా ఉన్న రోజులు. సంత రోడ్డులో నాదొక చిన్న కొట్టు. టీవీలు, స్పీకర్లు అమ్మేదీ నేనే, బిగించేదీ నేనే, అవి చెడితే తిట్లు తినేదీ నేనే. చదువు ఎనిమిదో తరగతిలోనే నా మీద ఆశ వదులుకుంది.

మైదానం నుంచి వచ్చి ఇక్కడ హోమ్‌స్టే నడుపుతున్న ప్రసాద్‌గారు హాల్లోకి హోం థియేటర్ అడిగారు. తలుపులు తీస్తే బయట లాన్ మీదికీ వినబడాలట. ఫైవ్ పాయింట్ వన్ ఎంచాను. అంటే చుట్టూ అయిదు స్పీకర్లు, వాటితో పాటు కడుపులో దడ పుట్టించే శబ్దానికి ఒక సబ్‌వూఫర్. ఇక్కడి తేమకి స్పీకరులో అదిరే కాగితం కోన్ మెత్తబడిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కోన్ ఉన్నవే తెప్పించాను. హాలుకి మూడు వైపులా అద్దాలు. మాట గింగురుమనకుండా మందపాటి కర్టెన్లు వేయించాను.

సబ్‌వూఫర్‌కి చోటు వెతకడం మా పనిలో పరువు తక్కువ ఘట్టం. దాన్ని దర్జాగా సోఫాలో కూర్చోబెట్టి, మనం గోడల వెంట పాకుతూ వినాలి. దడ నిండుగా వినిపించిన మూలే దాని స్థానం. నేను అలా పాకుతుంటే గుమ్మంలోంచి నవ్వు వినిపించింది. చంకలో డప్పుతో సుక్రు. శనివారాల్లో లాన్ మీద థింసా ఆటకి వాయించేది అతనే. ఆడేవాళ్ళ వరసకి ముందు నిలబడేది అతని భార్య సొంబారి.

"ఏటి బావూ, ఉంగరం పడిపోనాదేటి?"

"సౌండు ఎక్కడ దాక్కుందో ఎతుకుతన్నాను మావా."

"దానికి పాకడమేటి? మాది కొట్టిన కాడే ఉంటాది!"

ఆ సాయంత్రం ప్రసాద్‌గారు మైకులు పెట్టించి ఆట మొత్తం రికార్డు చేయించారు. కొత్త స్పీకర్లలో తన డప్పు విని సుక్రు మురిసిపోయాడు. "నాకంటే ఇదే బాగా కొడతన్నాది సావుకారూ!" అన్నాడు. ప్రసాద్‌గారు ఆ ముక్కని మెచ్చుకోలుగా కాక సలహాగా తీసుకున్నారు.

కొన్ని వారాలకి ఆయన ఫోన్ చేశారు. "నీ సెట్టులో ఏదో తేడా ఉందయ్యా. ఆడాళ్ళు అడుగులు తప్పుతున్నారు. అతిథులు నవ్వుతున్నారు. బేగి రా."

వెళ్ళాను. లాన్ మీద ఆడవాళ్ళు చేతులు కలిపి ఆడుతున్నారు. వాయించడానికి సుక్రు లేడు, రికార్డు చేసిన అతని డప్పే స్పీకర్లలో మోగుతోంది. కేబుళ్ళు చూశాను. అన్ని స్పీకర్లనూ నడిపే రిసీవర్‌లో ప్రతి సెట్టింగూ చూశాను. ఒక్క తప్పు లేదు. విరామంలో సొంబారి గట్టు మీద కూలబడి మోకాలు పట్టుకుంది.

"ఏటైంది అక్కా?"

"మాయాన నా కాలు సూసి కొట్టేవోడు బావూ. నాకు అలుపొస్తే దెబ్బ తగ్గించేవోడు, తేరుకున్నాక పెంచేవోడు. ఈ పెట్టికి కళ్ళు నేవు. ఆ రోజు నాకున్న ఊపుతోనే ఈ రోజూ కొడతాది."

అదే మాట ప్రసాద్‌గారికి చెప్పాను. "సెట్టు బాగానే ఉందండీ. సుక్రుని పిలవండి, సరిపోతుంది."

"సుక్రు ఇందులోనే ఉన్నాడుగా," అన్నారాయన, స్పీకరు మీద చెయ్యి వేసి. "మళ్ళీ ఇంకొకణ్ణి మేపడం ఎందుకు? పాటలో స్పీడు తగ్గించు, చాలు."

"ఎంత తగ్గించమంటారు? ఆవిడ ఎప్పుడు అలిసిపోతుందో రిసీవర్‌కి ఏ వైరు ద్వారా చెప్పమంటారు?"

ఆయన నవ్వలేదు. పుట్టుకతో జోకులు మోసుకు తిరిగేవాణ్ణి, నాకూ నవ్వు రాలేదు. స్పీడు ముట్టుకోకుండా సామాన్లు సర్దుకున్నాను.

ఏ గదికి ఏ స్పీకరో ఇప్పటికీ చెబుతాను. గది కొలతల కంటే ముందు, అది ఎవరి చోట్లో కూర్చోబోతోందో అడుగుతాను. ఆ ప్రశ్న వల్ల కొన్ని బేరాలు పోయాయి కూడా.

ఆ రోజు బండి తీస్తుంటే సొంబారి దగ్గరికొచ్చింది. వాళ్ళ ఇల్లు ఆ వాలు కిందే.

"ఆ దడదడలాడే పెట్టొకటి ఆపేసి పో బావూ. ఇంటికాడ ఆయన డప్పుని పొయ్యి మీద మేకుకి తగిలించేసినాడు. ఇక్కడ ఇది మోగితే అక్కడ అది ఒణుకుతాది. ఆయన లెగిసి, దాని మీద చెయ్యేసి పట్టుకుంటన్నాడు."